మెడ వెనక లేబులు

"నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావుగా" అన్నాడు మొగుడు, చొక్కాల మూట గుమ్మంలో దింపుతూ. నాలుగు నెలల కిందటి మాట అది. ఆ రోజు ఆమె తెల్లారకుండానే లేచి, ఇల్లు ఊడ్చి, నీళ్ళు పట్టి, అత్తగారి మందులు వరసగా పెట్టి, రెండు పూటలకీ వండి, బట్టలుతికి ఆరేసి, అప్పుడే నడుం వాల్చబోతోంది. ఖాళీ అంటే ఇదే కాబోలు అనుకుంది. అనుకుందే గానీ పైకి అనలేదు. పన్నెండేళ్ళ కాపురంలో అనుకున్నవన్నీ పైకి అనుంటే ఈపాటికి వీధి వీధంతా చెవులు మూసుకునేది.

మూటలో ఉన్న పని చూడ్డానికి చిన్నదే. చొక్కా మెడ వెనక, లోపలివైపు, ఫలానా దేశంలో తయారైందని వేలెడంత లేబులు ఉంటుంది కదా. దాన్ని కుట్లు విప్పే చిన్న కత్తితో, బట్ట చిరగకుండా విప్పాలి. అదే చోట, పాత సూది పోట్ల మీదుగానే, మన దేశం పేరున్న లేబులు కుట్టాలి. చూసినవాళ్ళకి ఆ చొక్కా పుట్టుకతోనే మన చొక్కా అనిపించాలి. ఈ పని ఆమెంత శుభ్రంగా చేసేవాళ్ళు కంపెనీ మొత్తంలో లేరు.

కంపెనీ అంటే ఎగుమతి చొక్కాల కంపెనీ. మొగుడక్కడ సూపర్‌వైజరు. ఆమె కూడా పదకొండేళ్ళు అక్కడే, లేబుళ్ళ సెక్షన్‌లో పనిచేసింది. తోటి ఆడవాళ్ళు సూదమ్మ అని పిలిచేవాళ్ళు. మిషన్ మీద సూది విరిగితే దాని ముక్కలన్నీ దొరికేదాకా మళ్ళీ కుట్టకూడదని అక్కడి నియమం. ఏ మూల విరిగినా, కంటికి ఆనని ముక్కయినా, ఆమె వెతికి పట్టుకునేది. లేబుళ్ళకీ అలాంటి నియమమే ఉండేది. ఒకటి పాడైతే ఆ పాడైనది తెచ్చి చూపిస్తేనే కొత్తది చేతిలో పెట్టేవాళ్ళు. అందుకని పదకొండేళ్ళలో ఆమె ఒక్క లేబులు కూడా పారేసి ఎరగదు.

అంతలో ఎక్కడో రెండు పెద్ద దేశాలకి చెడింది. నువ్వు నా సరుకు మీద ఇంత పన్ను వేస్తే నీ సరుకు మీద నేను అంతకి రెట్టింపు వేస్తానని తొడలు చరుచుకున్నాయి. ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయట. రేపు ఈ దేశం మీద ఎంత పన్ను పడుతుందో ఏమోనని కొనేవాళ్ళు వెనకాడారు, కంపెనీకి ఆర్డర్లు ఆగిపోయాయి. ముందుగా ఆడవాళ్ళని తీసేశారు. ఇంట్లో మగాడు సంపాదిస్తున్నాడుగా అన్నది లెక్క. ఆ జాబితా చదివిన మనిషి సూపర్‌వైజరే. అందరి పేర్ల మధ్యలో పెళ్ళాం పేరు కూడా గొంతు తడబడకుండా చదివేశాడు. పక్షపాతం లేని మనిషివయ్యా అని మేనేజరు భుజం తట్టాడు.

"ముందు రోజు ఇంట్లో ఒక్క ముక్క చెప్పకూడదా?" అని ఆమె సాయంత్రం అడిగితే, "ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదని రూలు" అన్నాడు.

పాపం, ఆ రూలు మూటలకి వర్తించలేదు. నెల తిరక్కుండానే కంపెనీ సరుకు ఇంటికి రావడం మొదలైంది. చొక్కాలన్నీ ఆ పోట్లాడుకుంటున్న దేశాల్లో ఒకదానివి. అక్కడే కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి వచ్చినవి.

"ఇది తప్పు కాదాండీ?" అని ఒకసారి అడిగింది.

"పన్ను ఎక్కువ పడే దేశం పేరు తీసి, తక్కువ పడే దేశం పేరు పెడుతున్నాం. అంతేగా? చొక్కాకేమైనా తెలుస్తుందా? కంపెనీ నిలబడితే మళ్ళీ మీ అందరినీ తీసుకుంటామన్నారు. నీ మంచికే చెబుతున్నా."

కూలి సంగతి మాత్రం అతను ఎత్తలేదు. ఆమే ఎత్తితే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "ఇంట్లో పనికి కూలడిగే ఆడదాన్ని నిన్నే చూశానమ్మా!"

రోజుకి నూట ఇరవై చొక్కాలు. విప్పిన లేబుళ్ళని ఎప్పటికప్పుడు కాల్చెయ్యమన్నాడు. మొదటిరోజు పెరట్లో గుప్పెడు కాల్చింది. కాలిన జుట్టు కంపు కొట్టి అత్తగారికి దగ్గు తెర పట్టుకుంది. "నన్ను సాగనంపుదామనా నీ ఎత్తు?" అని ఆవిడ నోరు చేసుకుంది. అసలు ఆమెకి కూడా చేతులు రాలేదు. ఎవరికీ చూపించకుండా లేబులు కాల్చడమంటే దొంగతనం చేసినట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడే మొగుడికి మెడనొప్పి పట్టుకుంది. దిండు పల్చబడిపోయిందని రోజూ సణుగుడు. ఆమె పాత గలీబు ఒకటి ఉతికి, అందులో లేబుళ్ళు కూరడం మొదలుపెట్టింది. వారానికోసారి కుట్టు విప్పి, ఇంకాసిని నింపి, మళ్ళీ కుట్టేసేది.

"ఈ దిండు బాగుందే! గట్టిగా, మెడకి ఆనుకుని ఉంది" అని మెచ్చుకున్నాడు. దాంట్లో ఏముందని అడగలేదు. ఇంట్లో ఏది ఎక్కణ్ణుంచి వస్తుందో అడిగే అలవాటు అతనికి మొదట్నుంచీ లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. నిన్న పొద్దున పోస్టుమాను గుమ్మం ముందు నిలబడి ఒక పేరు గట్టిగా పిలిచాడు. ఎవరినా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. తరవాత వెలిగింది, అది తన పేరేనని. ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు. ఆ పేరుతో పిలిచిన చివరి మనిషి, జాబితా చదివిన సూపర్‌వైజరు. తడి చేతులు కొంగుకి తుడుచుకుని కవరు తీసుకుంది. సర్కారు ముద్ర ఉంది. గుమ్మంలోనే చింపి చదివింది.

మీ యాజమాన్యంలోని కుట్టు యూనిట్లో తయారైనట్టు చూపించి ఎగుమతి చేసిన పద్నాలుగు వేల చొక్కాలు నిజానికి వేరే దేశంలో తయారైనవని మాకు అనుమానం ఉంది. ఫలానా తేదీన, అంటే రేపే, తనిఖీకి వస్తున్నాం. తప్పుడు ప్రకటన అని తేలితే యజమానురాలైన మీరు శిక్షార్హులు. జరిమానా, జైలు, లేదా రెండూ.

యజమానురాలు! ఆమె ఆ మాట దగ్గర ఆగిపోయింది. అక్కడే గడప మీద కూర్చుంది. తనకి యూనిట్టా? తనకంటూ ఈ ఇంట్లో ఒక బీరువా అర కూడా లేదే! పొరపాటున వచ్చిందేమో, ఇదే పేరు ఇంకెవరికో ఉందేమో అని కవరు తిప్పి చూసింది. అడ్రసు ఇదే. వెనక ఇంకో కాగితం ఉంది. యూనిట్ పెడుతున్నానని, సరుకంతా ఇక్కడే తయారవుతుందని యజమానురాలు ఇచ్చిన ప్రకటన నకలు. కింద సంతకం. తనదే. చివరి అక్షరం కాస్త అలుక్కుపోయి ఉంది. ఆ అలుకు చూడగానే గుర్తొచ్చింది. కూరలో నీళ్ళు పోస్తున్నప్పుడు అతను వంటింట్లోకి వచ్చి, గట్టు మీద కాగితాలు పరిచి, ఇక్కడ, ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. ఏంటండీ ఇవి అంటే, ఇన్సూరెన్సువి, నీ పేరు మీద కడుతున్నా అన్నాడు. కాస్త చదివి పెడతానంటే, నేను చదివానుగా, నీకెందుకు శ్రమ, కూర మాడుతోంది చూసుకో అన్నాడు. తడి చేత్తోనే సంతకాలు పెట్టేసింది. నా పేరు మీద ఇన్సూరెన్సు కడుతున్నాడని ఆ రోజు ఆమె ఎంత మురిసిపోయిందో! సాయంత్రం అతనికి టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది. అది తల్చుకునేసరికి నోరు చేదెక్కింది. పదకొండేళ్ళు విరిగిన సూదుల ముక్కలు వెతికి పట్టుకున్న కళ్ళకి ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదేమిటి?

మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చాడు. ఆమె కంచం పెట్టి, కంచం పక్కనే ఆ కాగితం పెట్టింది. చూసి ఒక్క క్షణం నమలడం ఆపాడు. అంతే. ఉలిక్కిపడతాడనుకుంది. కాళ్ళు పట్టుకోకపోయినా కనీసం కంగారు పడతాడనుకుంది.

"వచ్చిందా? రేపటికల్లా రావచ్చనుకున్నాం" అన్నాడు.

"అనుకున్నారా?" "మీకు తెలుసా?"

"మేనేజరు ముందే చెప్పాడు. ఎప్పుడైనా తనిఖీ వస్తే యూనిట్ ఆడవాళ్ళ పేరు మీదుంటే మంచిదని. ఆడవాళ్ళంటే కోర్టులో కాస్త జాలిపడతారు. నువ్వు రేపు ఏడ్చి, నాకు తెలీక చేశానండీ, నేనే తెప్పించుకున్నానండీ అను. చాలు. నా పేరు గానీ కంపెనీ పేరు గానీ ఎత్తకు. మిగతాది కంపెనీ చూసుకుంటుంది."

"జైలని రాశారండీ ఇందులో."

"రాస్తారు. అన్నీ వేస్తారా ఏంటి? వేసినా ఆరు నెలలో, ఏడాదో. నేను లోపలికి పోతే ఉద్యోగం పోతుంది. అప్పుడు ఇల్లెలా గడుస్తుంది, నువ్వే చెప్పు?"

అత్తగారు ఇదంతా విని గుండె మీద చెయ్యేసుకుంది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఆవిడైనా ఒక మాట అంటుందనుకుంది. ఆవిడ అన్నది కూడా.

"ఏడాదా! మరి ఏడాదిపాటు వంటెవరు చేస్తారురా?"

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొస్తే మనిషికి తన మీద తనకే భయం వేస్తుంది. నవ్వు ఆపుకోవడానికి గ్లాసులో నీళ్ళు పోసింది. పోస్తుంటే గ్లాసు పొర్లి నీళ్ళన్నీ కంచంలో పడ్డాయి. "చూసి పొయ్యవే" అని కసిరాడు మొగుడు. పెళ్ళాన్ని జైలుకి పంపే ఏర్పాటు చేసుకున్న మనిషికి అన్నంలో నీళ్ళు పడినందుకు కోపం వచ్చింది! తనని ముంచింది కంపెనీ అనుకుంది ఇంతసేపూ. కాదు. ఆ మేనేజరుకి తన పేరు ఎవరు చెప్పారు? రెండు దేశాల గొడవలో ఎవరో ఒకరు బలవ్వాలంటే, అతను ఇంట్లో చుట్టూ చూసి, కుర్చీ చూసినట్టు, బల్ల చూసినట్టు, తనని చూశాడు. చేతికి దగ్గరగా ఉంది కాబట్టి.

"పేరొక్కటేగా నీది, దానికింత రాద్ధాంతమా?" అన్నాడు చేతులు కడుక్కుంటూ.

ఆమె కంచం తీసి కడిగింది.

ఇవాళ పదకొండింటికి వచ్చారు. ఒక ఆఫీసరు, చేతిలో ఫైళ్ళతో ఒక గుమాస్తా. మొగుడు సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కాలో ఎదురెళ్ళాడు. ఆఫీసరు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళివ్వండి. అలాగే ఓనర్ని పిలవండి."

ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అతని చేతిలోకి వెళ్ళాక చెప్పింది.

"ఓనర్ని నేనేనండీ."

ఆఫీసరు కాగితంలోకీ, ఆమె మొహంలోకీ రెండుసార్లు చూశాడు. మొగుడు చటుక్కున అందుకున్నాడు. "నన్నడగండి సార్. ఆవిడకేం తెలీదు."

"ఈ గదిలోనేనా పద్నాలుగు వేల చొక్కాలు కుట్టింది? మిషన్ ఒకటే ఉంది. బట్ట కోసే బల్లేది?"

"ఇక్కడే సార్, కష్టపడి..." అంటూ మొగుడు ఆమె వైపు చూశాడు. ఇక ఏడవమని ఆ చూపు.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చంకలో దిండు, చేతిలో కుట్లు విప్పే కత్తి ఉన్నాయి.

"దిండెందుకే ఇప్పుడు? మతి పోయిందా?" అన్నాడు మొగుడు, నవ్వు పులుముకుంటూ.

గది మధ్యలో నేల మీద కూర్చుని, గలీబు అంచు కుట్లు ఒక్కొక్కటీ విప్పింది. బట్ట ఎక్కడా చిరగలేదు. నాలుగో కుట్టు తెగ్గానే లేబుళ్ళు బుడబుడా నేల మీదికి జారాయి. గులిపింది. ఇంకా దులిపింది. ఆఫీసరు కాళ్ళ దాకా, మొగుడి కాళ్ళ దాకా, అన్నిటి మీదా ఒకే దేశం పేరు. నాలుగు నెలలుగా తల కింద పెట్టుకుని పడుకున్నదేమిటో మొగుడికి అప్పుడు తెలిసొచ్చింది. చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

"కాల్చెయ్యమన్నాను కదే!" అని అరిచాడు.

అరిచాక అర్థమైంది, ఏమని అరిచాడో. గుమాస్తా ఆ మాట రాసేసుకున్నాడు.

"పద్నాలుగు వేలూ ఉంటాయండీ, గుప్పెడు తక్కువ. అవి మొదటిరోజు కాలిపోయాయి" అందామె. "చొక్కాలు అక్కడే తయారయ్యాయి. ఈయన కంపెనీ నుంచి తెచ్చారు. విప్పింది నేను, కొత్తవి కుట్టింది నేను. యూనిట్ అని ఒకటుందని నిన్న పోస్టులో తెలిసింది."

ఆఫీసరు వంగి ఒక లేబులు తీసి చూశాడు. తరవాత కాస్త మెత్తగా అన్నాడు. "మీరు చేసింది కూడా ఇందులో రాయాలమ్మా. మీ మీదికీ వస్తుంది."

"రానివ్వండి. చేసింది రాయండి. చెయ్యనిది మాత్రం రాయొద్దు."

గుమాస్తా రెండు పేజీలు రాసి ఆమె ముందు పెట్టాడు. మొగుడు పక్కకొచ్చి వంగాడు. అలవాటు చూడండి, అంత కంగారులోనూ చివరి పేజీ తిప్పి, కింద ఖాళీ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ... ఇక్కడ పెట్టి ఊరుకో, ఇంకేం మాట్లాడకు" అన్నాడు గొణుగుతూ.

ఆమె ఆ వేలుని తీసి పక్కన పెట్టింది. మొదటి పేజీ వెనక్కి తిప్పింది. లోపల్నుంచి అత్తగారు పొయ్యి మీద కూర మాడుతోందని కేక పెట్టింది.

"మాడనివ్వండత్తయ్యా, చదువుకుంటున్నా" అందామె.