నలభై రెండు రూపాయల గుమ్మడికాయ

రాహేలు గుమ్మడికాయ కోస్తోంది. కాయ ఖరీదు నలభై రెండు రూపాయలు. సంతలో అయితే అర్ధరూపాయికి మించదు.

పైగా అది ఆమె దొడ్లో కాసిందే. పాదు తీసి, పెంట వేసి, కాలవ నుంచి కడవలతో నీళ్లు మోసింది. తొలికాయ దేవుడిదని కోతపండగకి గుడిలో ఇచ్చింది. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేశారు. గుడివాడలో కాంపౌండరు చేసే విల్సన్ ఇరవై అన్నాడు. ఆమె మొగుడు ఏలీయా మిషను బడిలో పంతులు. విల్సన్ ముందు తగ్గలేక నలభై రెండు దాకా పాడాడు. జనం చప్పట్లు కొట్టారు. అతని జేబులో అణా లేదు. వేలం సొమ్ముకి నెల గడువు ఇవ్వడం ఆ ఊరి వాడుక. నిన్నటితో నెల తిరిగింది.

పదకొండేళ్ల కాపురంలో అతను చేసిన ఏ అప్పూ ఇంట్లోకి గింజ తేలేదు. చెల్లెలి పెళ్లికి బ్యాండుమేళం, స్నేహితుడికి హామీ, ఊళ్లో ఎవరికీ లేని సైకిలు. అప్పు తెచ్చేది అతను, వాకిట్లో నిలబడి "ఊళ్లో లేరండీ" అని చెప్పేది తను. "అప్పులవాళ్లు ఆడదాని మీద గొంతు పెంచరే" అంటాడు. అబద్ధం పాపమని బడిపిల్లల చేత వల్లె వేయించేదీ అతనే. "మగాడన్నాక నాలుగు అప్పులుంటాయి. కప్పుకు రావడం ఆడదాని నేర్పు" అనేది అత్త భాగ్యమ్మ. ఆ నేర్పుకి గొలుసు పోయింది, ఇత్తడి బిందెలు పోయాయి. ఇక మిగిలింది గేదెపడ్డ ఒక్కటే. పుట్టింటి నుంచి దూడగా తోలుకొచ్చి పెంచుకుంది. వచ్చే నెల ఈనుతుంది.

ఏలీయా గబగబా లోపలికొచ్చాడు. "దైవాధీనంగారు వస్తున్నారు. నేను బందరు వెళ్లానని చెప్పు. శనివారం పడ్డని అమ్మి కట్టేస్తామను."

"పడ్డ ఎవరిదండీ?"

"నీదీ నాదీ ఏంటే? పరువు పోతే ఇద్దరిదీ పోదూ?" అంటూ గదిలోకి తప్పుకున్నాడు.

బడి జీతాలు కూడా పంచే సంఘపెద్ద దైవాధీనం వాకిట్లో చెప్పులు విడిచాడు. "ఏమ్మా, పంతులేడీ? దేవుడి సొమ్మమ్మా, ఎన్నాళ్లని ఆగను?"

రాహేలు కొంగుకి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. నాలుక అలవాటుకొద్దీ బందరు దారి పట్టబోయింది. వెనక్కి లాక్కుంది.

"దేవుడికి నేను కాయ ఇచ్చానండీ. డబ్బు ఇస్తానన్నది ఆయన. నా పడ్డని నేనమ్మను. నెలకి ఐదు చొప్పున ఆయన జీతంలో పట్టుకోండి."

"ఆ మాట అతను చెప్పాలి కదమ్మా?"

"గదిలోనే ఉన్నారు. అడగండి."

పదకొండేళ్లుగా అడ్డం నిలబడిన గుమ్మం వదిలి ఆమె పక్కకి జరిగింది.