ఒక్క పక్కే చీకటి

"ఆ బొమ్మను చీకటి చేసింది మీరే సార్! అదీ ఒక్క పక్కే. అచ్చేసినవాళ్లకైనా కళ్లుండక్కర్లేదా?"

ప్రయోగశాలలో అందరూ కళ్లజోడు అని పిలిచే పిల్ల పెద్దసారు బల్ల మీద, తమ పరిశోధన అచ్చయిన పత్రికను విసిరికొట్టింది. ఇన్నాళ్లూ ఆయన ముందు నోరు పెగలని మనిషి.

పొద్దున వంటింట్లో వదిన ఒక కాగితం చూపించింది. ఆసుపత్రివాళ్లు ఇచ్చారట, కొత్త మందు గురించి. "ఇది నువ్వు తీసిన ఫొటోయేగా! ఆ మందు వేసి చూసేవాళ్లలో నన్నూ చేర్చుకుంటామన్నారు." వదిన కిడ్నీలు ఎప్పుడో మూలనపడ్డాయి, పాత మాత్రల పుణ్యమా అని నెట్టుకొస్తోంది. ఆ ఫొటో చూడగానే కళ్లజోడు ప్రయోగశాలకు పరిగెత్తింది.

ఫొటోలు రెండు, పక్కపక్కన. రెండూ జబ్బు ఎలుకల కిడ్నీ ముక్కలే. ఎడమది మందు వెయ్యనిది, కుడిది వేసింది. గట్టిపడి పాడైన చోటల్లా పచ్చగా వెలిగే రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఆమె తీసినప్పుడు రెండింట్లోనూ పచ్చటి పోగులు ఒకేలా అల్లుకుని ఉన్నాయి. అచ్చులో ఎడమది భగభగ మండుతోంది, కుడిది అమావాస్య. మందు జబ్బును ఊడ్చేసినట్టే ఉంది. వెలుగు పెంచినా తగ్గించినా రెండింటికీ సమానంగా చెయ్యాలి, చేశామని కింద రాయాలి. చేరిన మొదటిరోజే ఆ పాఠం చెప్పింది ఈ పెద్దసారే.

"అరవకమ్మా. కాస్త శుభ్రం చేశానంతే. ఫొటో దిగేముందు తల దువ్వుకోమా?"

"దువ్వడం కాదు సార్, తలే మార్చేశారు."

ఆయన టీ ఊదుకున్నారు. "అయితే నీ అసలు ఫొటో పట్టుకురా. పక్కన పెట్టి చూద్దాం."

ఆమె వెళ్లి ప్రయోగశాల కంప్యూటర్‌లో వెతికింది. అది ఎప్పుడూ నిండిపోయి మొరాయిస్తుంటుంది. అందుకని అందరూ అసలు ఫొటో మీదే మార్పులు చేసి, అదే పేరుతో సేవ్ కొట్టేస్తారు. ఆమె కూడా అంతే, ఆయనా అంతే. ఇప్పుడు అందులో మిగిలింది ఆయన చీకటి చేసిన ఫొటోయే.

ఫొటో పోతేనేం, ఆ కిడ్నీ ముక్కలు అంటించిన గాజుపలకలున్నాయిగా! ఫ్రిజ్‌లోంచి తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎడమా చీకటే, కుడీ చీకటే. ఆ రంగుకో దిక్కుమాలిన గుణముంది, దీపం వేసి చూసినకొద్దీ ఆరిపోతుంది. మొదట్లో మురిసిపోయి కనబడ్డవాళ్లందరికీ పిలిచి పిలిచి చూపించింది తనే. సాక్ష్యాన్ని చూసి చూసి చంపేసింది.

వదినకు ఫోన్ చేసింది.

"ఆ మందు జోలికి వెళ్లకు వదినా. ఆ బొమ్మ అబద్ధం."

"తీసింది నువ్వేగా?"

"నేనే. కానీ..."

"మరి అబద్ధమెలా అవుతుందే? మీ అన్నయ్య సంతకం కూడా పెట్టేశాడు. పాత మాత్రలు ఆపితేగానీ చేర్చుకోమన్నారు, నిన్నే ఆపేశాను. డాక్టర్లకంటే నీకెక్కువ తెలుసా? ఫోన్ పెట్టెయ్, నిద్రొస్తోంది."

పట్టపగలు నిద్రేమిటి? మాత్ర పడకపోతే వదినకు ముందొచ్చేది ఆ మగతే.

కళ్లజోడు పరుగున పెద్దసారు గదికి వచ్చింది. ఆయన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు, చెయ్యెత్తి ఆగమన్నారు. ఆగింది. ఆయన వెనక తాళం వేసిన బీరువా. ఎలుకల కిడ్నీలను లోపల పెట్టి పోతపోసిన మైనం దిమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. తాళంచెవి ఆయన జేబులో ఉంది. ఆమె చేతిలో ఏముంది? ఏమీ లేదు. కళ్లనీళ్లు కళ్లద్దాల మీదికి కారిపోతున్నా తుడుచుకోలేదు.

"బీరువా తియ్యండి సార్. దిమ్మల్లోంచి కొత్త ముక్కలు కోసి, బయటివాళ్ల ఎదుట రెండింటికీ ఒకే దీపం పెట్టి చూద్దాం. నా తప్పుంటే నన్ను తరిమెయ్యండి. మీదైతే అచ్చయినదాన్ని వెనక్కి తీసుకోండి. అదంతా తర్వాత. ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి, మా వదిన మాత్రలు మా వదినకు ఇమ్మనండి. నేను చెబితే ఎవరూ వినట్లేదు, మీరు చెప్పండి. ఇప్పుడే సార్, నా ఎదురుగా చెయ్యండి!"