రాత్రి నాన్న

ఆ వీధిలో అందరూ ఆయన్ని తాళాల మాస్టారనే పిలుస్తారు. అసలు పేరేమిటో కట్టుకున్న భార్య కూడా ఓ క్షణం ఆలోచించి గాని చెప్పలేదు. "వేసిన చెయ్యి నాదైతే, తీసే చెయ్యి ఇంకా పుట్టలేదు" అనేవాడు. కాస్త ఎచ్చులే అనుకోండి, కానీ ఆయన వేసిన తాళాన్ని ఏ దొంగా తీసిన దాఖలా లేదు.

అలాంటి మనిషి ఇంటి తలుపు ఓ రోజు తెల్లారేసరికి బార్లా తెరిచి ఉంది.

ముందు చూసింది వాళ్ళక్క. ఆవిడ కింది అంతస్తులో ఉంటుంది. తమ్ముడి భార్య ఆస్పత్రిపాలైన దగ్గర్నించి పొద్దున్నే పైకొచ్చి, మేనకోడలికి జడేసి బడికి పంపుతోంది.

"ఏరా, ఊరందరికీ తాళాలమ్మి నీ కొంపకి గాలిని కాపలా పెట్టావా?"

"వేశానక్కా. రెండుసార్లు లాగి మరీ చూశాను."

ఇంట్లో గరిటె కూడా పోలేదు. మాస్టారికి భయం కన్నా అవమానమే ఎక్కువగా తోచింది. తాళాన్ని ఊడదీసి భూతద్దం పెట్టి చూశాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. తీసినవాడెవడో గాని మంచి పనివాడు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడట" అని నవ్వింది అక్క. "ఇంట్లో ఉన్నది నువ్వూ, ఇంత పిల్లా. ఎవర్ని పడతావో పట్టు."

ఆయనకి కొన్నాళ్ళుగా నిద్ర కరువైంది. భార్యకి ఊపిరితిత్తుల్లో అంటుజబ్బు, రెండు వీధుల అవతలి ఆస్పత్రిలో ఉంది. వార్డులోకి పెద్దవాళ్ళనే కాసేపు వదులుతారు, పిల్లల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. ఆవిడ ముక్కుకీ మూతికీ కలిపి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, ఫోన్లోనూ మాటల్లేవు. పాప రోజూ "అమ్మని చూపించు నాన్నా" అంటుంది. ఆయన రోజూ "రేపు" అంటాడు, ఇంకోసారి అడిగితే కసురుతాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. ఈయనకి సుఖం సంగతి అటుంచి, అసలు నిద్రే మొహం చాటేసింది. కొలత తప్పి వరసగా తాళంచెవులు పాడుచేశాక, ఆస్పత్రిలో డాక్టరమ్మని అడిగి చిన్న మాత్రలు రాయించుకున్నాడు.

"వారానికే ఇస్తున్నాను. మంచమెక్కాకే వేసుకోవాలి, వేసుకున్నాక ఇక ఏ పనీ ముట్టుకోకూడదు. ఏ కాస్త తేడా అనిపించినా మానేసి నా దగ్గరికి రండి" అందావిడ.

తలూపాడు గాని, ఆయన లెక్క ఆయనకుంది. బిగుసుకున్న తాళంలో నూనె వేస్తే అప్పటికప్పుడే తిరుగుతుందా? లోపలికి ఇంకాలి. మాత్రా అంతేగా! అందుకని అన్నం తినగానే వేసుకుని, అది ఒంట్లో ఇంకేదాకా ఆకురాయితో తాళంచెవులు అరగదీస్తూ కూర్చునేవాడు. మంచం ఎప్పుడెక్కాడో తెలిసేది కాదు. తెల్లారి కళ్ళు తెరిస్తే పక్క మీదే ఉండేవాడు. ఎంత మంచి మందో అని మురిసిపోయాడు. తలుపు సంగతికీ మాత్రకీ ఏదైనా సంబంధం ఉండొచ్చన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

కొత్త తాళం బిగించాడు. మర్నాడూ తలుపు తెరిచే ఉంది. తాళంచెవిని తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి చెవి తలగడ కిందే ఉంది, తలుపు మాత్రం తెరిచి ఉంది. దానికి తోడు బడి నుంచి ఓ కబురు వచ్చింది: పాప తరగతిలో కూర్చున్నచోటే తూలి నిద్రపోతోందట.

అప్పుడిక పంతం పట్టి, వయసులో ఉండగా తన గురువు మెప్పు కోసం చేసిన ఇత్తడి తాళాన్ని పెట్టెలోంచి తీశాడు. దానికి చెవి ఒక్కటే చాలదు. అడుగున కనపడని మీటని గోటితో నొక్కి, సగం తిప్పి, వెనక్కి తేవాలి. ఆ తాళం తీయగలిగినవాడు ఊరు మొత్తంలో ఒక్కడే. ఆ సంగతి ఆయనకి గర్వంగా తోచిందే గాని భయంగా తోచలేదు.

పొద్దున ఇత్తడి తాళం స్టూలు మీద ఉంది. శుభ్రంగా తుడిచి, కింద గుడ్డ పరిచి పెట్టారు. తలుపు తెరిచి ఉంది. మెట్ల మీంచి చల్లగాలి వస్తోంది.

అక్క పాపని నీళ్ళ గదిలో నిలబెట్టి కాళ్ళు కడుగుతోంది. అరికాళ్ళు పచ్చగా ఉన్నాయి.

"ఇదేంటమ్మా, కాళ్ళకి?" అన్నాడు మాస్టారు గుమ్మంలో నిలబడి.

"పాచి."

"ఎక్కడ తొక్కావు?"

పాప అత్త వైపు చూసింది, నాన్న వైపు చూసింది. "నీకు చెప్పొద్దన్నాడు."

"ఎవరు?"

"రాత్రి నాన్న."

అక్క ఫక్కున నవ్వింది. తమ్ముడి మొహం చూసి నవ్వు ఆపేసింది.

"నీలాగే ఉంటాడు. నీ చొక్కానే వేసుకుంటాడు. కానీ నీలా కసరడు, రేపు అనడు. నేను అడగ్గానే పద అంటాడు" అంది పాప ఉత్సాహంగా. "కళ్ళు మాత్రం నా మీద పెట్టడు. నా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తాడు."

"ఎక్కడికి తీసుకెళ్తాడు తల్లీ?"

"మేడ మీదికి, అమ్మని చూడ్డానికి. ఊరికే నిలబడితే కనపడదు. పిట్టగోడ ఎక్కి, కాళ్ళు అటు వేసుకుని కూర్చుంటే ఆస్పత్రిలో అమ్మ కిటికీ కనపడుతుంది."

మాస్టారు లోపలికొచ్చి పాప ముందు గొంతుక్కూర్చున్నాడు. "నిన్ను పట్టుకుంటాడా?"

"ఊహూఁ. రెండు చేతులూ అమ్మకి ఊపుతాడుగా, ఇంక ఎలా పట్టుకుంటాడు? ఇవాళ అమ్మ దగ్గరికే వెళ్ళిపోదామన్నాడు. అటునుంచి దగ్గర దారట."

అక్క చేతిలో చెంబు జారి నేల మీద దొర్లింది. పాపని గట్టిగా పొదువుకుని అక్కడే కూలబడిపోయింది.

ఆయన ఒక్కడే పైకెళ్ళాడు. మేడ తలుపుకి ఆయన వేసిన తాళమే ఉంటుంది. చెవి ఇంటి ఓనరు దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తాళమూ తీసి, తుడిచి, గూట్లో పెట్టి ఉంది. పిట్టగోడ మీద పాచి రెండుచోట్ల చెదిరిపోయింది. వంగి గోడ అవతలి వైపు చూశాడు. సున్నం మీద మడమలు రాసుకున్న గీతలు, రెండు చిన్నవి, రెండు పెద్దవి. వాటి కింద ఐదంతస్తుల లోతున లారీలోంచి ఎవరో సిమెంటు బస్తాలు దించుతున్నారు. గోడ దగ్గర్నించి దేకుతూ వెనక్కొచ్చాడు. కంచే చేను మేసిందన్న మాట ఎన్నిసార్లు విన్నాడో, అది తన గురించే అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

డాక్టరమ్మ అంతా విని, ముందు చెయ్యి చాపింది. "మిగిలిన మాత్రలు ఇలా ఇవ్వండి."

"నూనెలా ఇంకుతుందని ముందే వేసుకున్నానమ్మా..."

"అందుకే మంచమెక్కాక అన్నాను. మందు పట్టాక మీరు మేలుకుని తిరుగుతున్నా మెదడు మేలుకుని ఉండదు. అయినా సరిగ్గా వేసుకున్నవాళ్ళలోనూ అరుదుగా కొందరికి ఇలా అవుతుంది. ఒక్కసారి అయిందంటే ఆ మందు ఇక జన్మలో ముట్టకూడదు. తలుపు తెరిచి ఉన్న మొదటి రోజే రావాల్సింది." ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. "నిద్ర పట్టకపోతే లేచి కూర్చోండి. పొద్దున మాత్రం రోజూ ఒకే వేళకి లేవండి. మెల్లగా దారికొస్తుంది."

"వాడు మళ్ళీ రాడుగా?"

"మందు ఒంట్లోంచి పోయేదాకా పాపని మాత్రం వేరే ఇంట్లో పడుకోబెట్టండి" అంది డాక్టరమ్మ.

సాయంత్రం పాప బట్టలు సర్దుకుని అక్క ఇంటికి దిగారు. గుమ్మం దగ్గర మాస్టారు ఆగిపోయాడు.

"ఈ తాళమూ నేనేసిందే అక్కా. నేను తీయలేని తాళం ఈ బిల్డింగులో లేదు."

వెయ్యిసార్లు గొప్పగా అన్న మాటే అది. ఈసారి అంటూనే ఏడ్చేశాడు.

"తాళం ఎవడిక్కావాలి?" అంది అక్క. "గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని నేను పడుకుంటా. నన్ను దాటి ఎవడొస్తాడో చూస్తా."

ఆ రాత్రి ఆయన కంటి మీద కునుకు పడలేదు, పడనివ్వలేదు కూడా. తెల్లారగానే కిందికి పరిగెత్తాడు. అక్క మంచం పక్కకి లాగి తలుపు తీసింది. వెనకాల గోడకి ఆనుకుని పాప కూర్చుని ఉంది. కాళ్ళకి బూట్లు తొడుక్కుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రంతా ఇంతేరా. ఎంత చెప్పినా పడుకోదే" అంది అక్క.

పాప తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "నువ్వా" అంది. "రాత్రి నాన్నని ఏం చేశావ్?" అని అడిగింది.

ఆయనకి 'రేపు చెప్తా' అని నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "పద, అమ్మ దగ్గరికి" అన్నాడు.

గేటులోంచి పోనివ్వరు గాని, ఆస్పత్రి వెనక రోడ్డు మీద నిలబడితే ఆవిడ కిటికీ తిన్నగా కనపడుతుంది. మధ్యలో ఒక్క రోడ్డే అడ్డం. ఇన్నాళ్ళూ ఈపాటి తెలివి ఏ గంగలో కలిసిందని తనని తానే తిట్టుకున్నాడు. నర్సుకి ఫోన్ చేసి చెబితే, కాసేపటికి కిటికీలో ఆవిడ నిలబడింది. మాస్కు లేదు. చేతిలో ఫోనుంది.

"పొద్దున్నే తీసేశారు" అంది నీరసంగా. ఎన్నాళ్ళకో విన్న గొంతు. "ఇవాళ పగలొచ్చారేంటి?"

"అంటే?"

"రోజూ రాత్రి మేడ మీద కూర్చుని చెయ్యూపుతున్నారుగా ఇద్దరూ. అదే చూసుకుని బతికానండీ. రాత్రి ఎందుకు రాలేదు? తెల్లార్లూ మీకోసమే చూశాను."

ఆయన ఫోన్‌ని చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు.

"మొన్నైతే ఉండబట్టలేక నేనే చెయ్యూపి రమ్మని పిలిచాను. మీరు వెంటనే గోడ మీద లేచి నిలబడ్డారు. దాన్నీ లేపారు. అంత దూరం నుంచి నేను పిలిచింది ఎలా తెలిసిందా అని ఎంత సంబరమేసిందో."

పైన కిటికీలో ఆవిడ నవ్వుతూ చెయ్యి చాపి, ఇలా రమ్మన్నట్టు ఊపింది. రోడ్డు మీద బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

"అమ్మ పిలుస్తోంది!" అని పాప ముందుకు దూకబోయింది. మాస్టారు దాని మణికట్టు పట్టుకున్నాడు.

"నాన్నా, నొప్పి" అంది పాప.

ఆయన వదల్లేదు.