చెంపకూ సూదికీ మధ్య

నేనొక మోటారుని. మోటారంటే బోరుబావి దగ్గర నీళ్లు తోడేది అనుకునేరు. అంతదాన్ని కాదు, బొటనవేలంత ఉంటాను. తిరగడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. వైర్లలోకి కరెంటు వచ్చిందా, ఇక కుదురుగా ఉండలేను, ఒళ్లంతా ఝుమ్మంటుంది. కొందరు తల్లులు కూడా ఇలాగే ఉంటారని తర్వాత తెలిసింది. వాళ్లకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం తెలియలేదు.

నాకు రాగితీగ ఎవరు చుట్టారో గుర్తు లేదు. తెలివొచ్చేసరికి ఒక టేపురికార్డరు కడుపులో ఉన్నాను. సిద్దిపేటలో ఒక చాయ్ హోటల్లో పొద్దున భజనలు తిప్పాను, సాయంత్రం సినిమా పాటలు తిప్పాను. చాయ్ తాగేవాళ్లు పాడినవాళ్లను మెచ్చుకునేవారు, తిప్పినదాన్ని ఒక్కరూ మెచ్చుకోలేదు. ఆ తర్వాత పాటలన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. హోటలాయన ఆ పెట్టెను పాత సామాన్లలో పడేస్తే, నర్సింగు అనే రేడియో మెకానిక్ దాన్ని విప్పి నన్నొక్కదాన్నే బయటికి తీశాడు. స్టీలు చెంచా కాడ వంచి దానికి నన్ను కట్టాడు. బాల్‌పెన్ను గొట్టం బిగించి, అందులో సూది దించి, దాని మొదలు నా ఇరుసుకు తగిలించాడు. నేను గుండ్రంగా తిరిగితే సూది కిందికీ మీదికీ ఆడింది. అలా పాటలు తిప్పేదాన్ని కాస్తా పచ్చబొట్లు పొడిచేదాన్నయ్యాను.

నర్సింగు నన్ను వాళ్లక్క బుచ్చవ్వకిచ్చాడు. జాతరల్లో ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడవడం ఆమెకు తల్లి నుంచి వచ్చిన పని. మూడు సూదులు దారంతో కట్టి చేత్తో ఒక్కొక్క పోటే పొడిచే మనిషి. నన్ను ఆడించి చూసి మొహం చిట్లించింది.

"ఇది పచ్చబొట్టు పొడుస్తదారా, పిండి పడ్తదా?"

"జెర పట్టుకొని చూడక్కా. నీ చేతులు గుంజుడు తప్పుతది."

తప్పింది. ఆ తర్వాత ఆమె నన్ను వదల్లేదు.

ఎల్లమ్మ జాతరలో పెద్ద గొడుగు కింద మా చాప. చాప ముందు ఒక అట్ట. అట్ట మీద తేలు, తులసికోట, చిలుక, అల్లిన జడ, నాలుగు చుక్కలు. ఆడవాళ్లు చీరల దుకాణంలో కంటే ఆ అట్ట ముందు ఎక్కువసేపు నిలబడతారు. వాళ్లకు బొమ్మ ఒక్కటే చాలదు, దానికో అర్థం కూడా కావాలి. బుచ్చవ్వ దగ్గర అర్థాలకు కరువు లేదు. నాలుగు చుక్కలేమిటని కొత్తకోడలు అడిగితే "నీ ఇంటి నాలుగు మూలలు బిడ్డా" అనేది. పిల్లల తల్లి అడిగితే ఆ చుక్కలే ఆమె పిల్లలయ్యేవి. ఒక ముసలామె అడిగితే "నిన్ను మోసే నలుగురు" అన్నది.

"వాళ్లల్ల మా చిన్నోని కలపకు," అన్నది ముసలామె చెయ్యి చాపుతూ. "సగం తొవ్వల దించుతడు."

జనం పలచబడ్డాక, నా వైర్లు చూడ్డానికి వచ్చిన నర్సింగు అడిగాడు. "నిజంగ ఏందక్కా ఈ చుక్కలు? ఎవలు కనిపెట్టిన్రు?"

"నాకేమెరుక? అమ్మ పెట్టింది, నేను పెడుతున్న." మళ్లీ తనే అన్నది. "వెనకట దీపం మసిని బాలింత పాలల్ల కలిపి పొడిచేటోళ్లు. పిల్లల కాటుక గూడ ఆ మసే గదా. ఎవతో తల్లి, బిడ్డ దిష్టిచుక్క చెరిగిపోతున్నదని బుగులువడి సూది పట్టి ఉంటది. గట్లనే పుట్టిందనుకుంట."

సరదాకు అన్న మాట. ఆ తల్లి నిజంగానే వచ్చి చాప మీద కూర్చుంటుందని ఆమె అనుకోలేదు.

ఆ అమ్మాయి పేరు స్వరూప. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేశారట. ఒళ్లో పసిపిల్ల, వెనక అత్త కనకవ్వ. పాప చెంప మీది కాటుకచుక్క చెమటకు కారి గడ్డం దాకా జారింది. స్వరూప కొంగుతో తుడిచి, బొడ్లోంచి కాటుక డబ్బీ తీసి మళ్లీ పెట్టింది. రెండు మాటలు మాట్లాడేలోపు పాప రుద్దుకుంది. మళ్లీ పెట్టింది. నాకన్నా కుదురు లేని మనిషిని అప్పుడే చూశాను.

"అవ్వా, ఈ చుక్క జాగల పచ్చబొట్టు పెట్టు. మళ్ల చెరగొద్దు."

"ఎవలకు?"

"పాపకు."

బుచ్చవ్వ నన్ను చాప మీద పెట్టేసింది. కనకవ్వ ముందుకు వంగింది.

"నువ్వన్న చెప్పమ్మా. పొద్దటి సంది ఇదే లొల్లి. మొదలు పిలగాడు పుట్టి జరమొచ్చి పోయిండు. ఆ పొద్దు చుక్క పెట్టుడు మరిచిపోయిన, అందుకే పోయిండంటది. జరంతోని పోయిండే, చుక్కతోని కాదంటె ఇనదు. ఇది గూడ పోతదేమోనని, దేవునికి వద్దనిపియ్యాలని నేనే చాటల పెట్టి పెంటకుప్ప మీద పండవెట్టి లేపిన, పెంటమ్మ అని పేరు వెట్టిన. ఇంక మొగం గూడ పాడు జేస్తవా?"

స్వరూప వినలేదు. కొత్త సూదేనా అని అడిగింది. చీము పడుతుందా అని అడిగింది. పచ్చబొట్టు మందు పిల్ల నోట్లోకి పోతే ఏమవుతుందని అడిగింది. కొత్త సూదేనా అని మళ్లీ అడిగింది. మధ్యలో పాప చెవి దగ్గర నోరు పెట్టి "శ్రీనికా, ఏడవకు" అన్నది. అది స్వరూప మనసులో పెట్టుకున్న పేరని, దేవుడి చెవిన పడితే తీసుకుపోతాడని పైకి అనదని కనకవ్వ గొణిగింది.

"పసితోలు సాగుతది బిడ్డా," అన్నది బుచ్చవ్వ. "ఇయ్యాల ఆవగింజంత పెడితే పిల్ల పెద్దగయ్యేసరికి పావలా బిళ్లంతయితది. రేపు తిట్టుకుంటది నిన్ను."

"తిట్టుకోనీ," అన్నది స్వరూప. "రూపాయి బిళ్లంత కానీ. తిట్టెతందుకు ఉంటె సాలు."

కనకవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. బుచ్చవ్వ కొత్త సూదిని కాగితంలోంచి బయటికి తీసింది.

నాకు మెదడు లేదు, స్విచ్చు ఉంది. స్విచ్చు వేస్తే తిరగాలి. వేశారు, తిరిగాను. హోటల్లో పాట మొదలయ్యే ముందు నేను ఇలాగే మూలిగేదాన్ని. పాప ఏడుపు ఆపింది. ఎక్కడిదీ చప్పుడు అన్నట్టు నా వైపు తల తిప్పి, బోసినోరు తెరిచి నవ్వింది. స్వరూప కళ్లు గట్టిగా మూసుకుని పాప తల పట్టుకుంది. బుచ్చవ్వ చెయ్యి కిందికి దిగింది. ఆ లేతచెంప దగ్గరవుతుంటే ఆగిపోవాలని నా వశం కాని కోరిక ఒకటి పుట్టింది. టేపు చిక్కుకున్నప్పుడు ఎన్నోసార్లు ఆగిపోయాను. ఆ రోజు మాత్రం బంగారంలా నడిచాను.

సూది దిగింది. చెంపలోకి కాదు.

స్వరూప కళ్లు మూసుకునే ఉంది. చెయ్యి మాత్రం ఆమెను అడగకుండా లేచి పాప చెంపను కప్పేసింది. సూది ఆ చేతి వెనక దిగింది. బుచ్చవ్వ చప్పున స్విచ్చు తీసింది. నల్లటి చుక్క, దాని మీద ఎర్రటి చుక్క.

"పెట్టమన్నది నువ్వే," అన్నది కనకవ్వ, "అడ్డం పెట్టింది నువ్వే."

స్వరూప చెయ్యి తీయబోయింది.

"తియ్యకు," అన్నది బుచ్చవ్వ. "గట్లనే ఉంచి చూస్కో."

అరచెయ్యి పాప చెంప మీద ఉంది. చేతి వెనక చుక్క, కాటుక ఎక్కడ పెట్టిందో సరిగ్గా ఆ జాగాలోనే ఉంది. స్వరూప దాన్ని చూసింది. చెయ్యి తీసింది, మళ్లీ పెట్టింది. అక్కడికే వచ్చింది.

"ఇది చెరగదు గదా?"

"నీతోనే పోతది."

"అయితే దీన్నే గట్టిగ పెట్టు."

ఆ చుక్క మీదే నన్ను ఇంకోసారి నడిపించారు. లేచేముందు స్వరూప అడిగింది. "ఈ ఒక్క చుక్కకు అర్థమేందవ్వా?" బుచ్చవ్వ సూది విప్పుకుంటూ కూర్చుంది.

మరుసటి ఏడు అదే జాతరలో ఒకామె చిలుకకు ముక్కు పెడుతుండగా నేను ఆగిపోయాను. లోపల అరిగిపోయానన్నాడు నర్సింగు. బుచ్చవ్వ పాత సూదుల కట్ట తీసి ముక్కు చేత్తోనే పొడిచింది. "దానికన్న ఇదే నయం, మొరగదు" అన్నది నన్ను చూస్తూ. ఇన్నేళ్ల కొలువుకు దక్కిన మెచ్చుకోలు అది. అప్పుడే స్వరూప వచ్చింది, చుక్క పలచబడ్డదేమో చూడమని. పక్కన నడక నేర్చిన పిల్ల. చాప మీద నన్ను చూసి పిడికిట్లో పట్టుకుంది, వదల్లేదు. బుచ్చవ్వ సూదీ గొట్టం విప్పేసి, నన్ను దానికే ఇచ్చేసింది.

ఇప్పుడు నేను స్వరూప ఇంట్లో ఉన్నాను. విరిగిన బొమ్మలు, మూతలు, ఒంటి గాజులు నా చుట్టాలు. స్వరూప మారిందని చెప్తే అబద్ధమే. పొద్దున్నే కాటుక పెడుతుంది. పిల్ల నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. కాకపోతే చెమటకు చుక్క చెరిగిన రోజు మునుపటిలా పరుగెత్తదు. చెంప మీద చెయ్యి వేసి కాసేపు ఉంచుతుంది.

మొన్న పిల్ల నన్ను పట్టుకుని గడప దాటి వీధిలోకి నడిచింది. అటు నుంచి ట్రాక్టరు వస్తోంది. వాకిట్లో గిన్నెలు తోముతున్న స్వరూప లేచి, వాడంతా వినేలా అరిచింది.

"శ్రీనికా!"

పిల్ల ఆగి వెనక్కి చూసింది. ట్రాక్టరు పోయింది. స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. చేతి మీద చుక్క. ఆకాశం నుంచి ఎవరూ దిగలేదు.

"ఎవలే ఆ శ్రీనిక?" అన్నది కనకవ్వ లోపలి నుంచి, తెలియనట్టు.

"నా బిడ్డ," అన్నది స్వరూప.

పిల్ల గడప మీద కూర్చుని నా ఇరుసును వేలితో తిప్పుతోంది. లోపల అయస్కాంతం ఇంకా ఉంది. సగం చుట్టు తిరిగి ఆగుతున్నాను. మళ్లీ తిప్పుతోంది.