మెరుపు మాస్టారి కుడిచెయ్యి

సిగ్గు విడిచి చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. మా ఊళ్లో నన్ను మెరుపు మాస్టారు అంటారు. మా ఆర్కెస్ట్రా ఆఖరి పాటలో ఇరవై సెకన్ల గిటారు ముక్క ఒకటుంది. అక్కడ మిగతా వాద్యాలన్నీ ఆగిపోతాయి. నేనొక్కణ్ణే నాలుగడుగులు ముందుకొస్తాను. స్వరాలు వడగళ్లలా టపటపా రాలతాయి, జనం ఈలలు వేస్తారు. ఆ ముక్క వల్లే నాకా పేరు వచ్చింది. ఆ ముక్కను నేను వాయించి ఎనిమిదేళ్లయింది.

వాయించేది మా బావమరిది. కీబోర్డులో గిటారు శబ్దం పెట్టుకుని, స్టేజీకి ఆ చివర స్పీకరు చాటున నిలబడి, తల కూడా ఎత్తకుండా వాయించేస్తాడు. నేను నా గిటారు వాల్యూమును సున్నాకి తిప్పేసి, కళ్లు మూసుకుని, చెయ్యి ఆడిస్తాను. పైన పటారం, లోన లొటారం అంటారే, అది నేనే.

మరీ చేతకానివాణ్ణని అనుకోకండి. కుర్రతనంలో వాయించాను, ముక్కుతూ మూలుగుతూ అయినా సరే. నలభై దాటాక కుడిచెయ్యి మొండికేసింది. మామూలు పాటలకు బాగానే ఉంటుంది. వేగం పెరిగేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా కర్రలా బిగుసుకుపోతుంది. ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదికి దాటేచోట, వేళ్ల మధ్య పట్టుకున్న పిక్ ఇరుక్కుపోతుంది. అది గోరంత ప్లాస్టిక్ ముక్క. దాని చేతిలో నా పరువంతా ఉంది.

ఇంత ఘనుణ్ణి, సైకిల్ షాపు మీది గదిలో వారానికి నాలుగు రోజులు పిల్లలకు గిటారు నేర్పుతాను. మా గురువుగారు ఒక నియమం చెప్పారు, ఆయనకు వాళ్ల గురువుగారు చెప్పారట. ఏ ముక్కయినా సరే, పిక్‌తో తీగను మీటే మొదటి స్ట్రోక్ కిందికే పడాలి. పైకి మొదలుపెట్టినవాణ్ణి నేను ఊరుకోను. నా చెయ్యి నా మాట వినదు గనుక, ఊళ్లో పిల్లల చేతులన్నీ వినాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం నాకు బాగా అలవాటు.

ఇలా రోజులు గడిచిపోతుండగా ఒకరోజు మా బావమరిది వచ్చి టీ తాగుతూ అన్నాడు.

"బావా, నాకు ఓడ మీద ఉద్యోగం వచ్చింది."

"నీకు ఈత కూడా రాదు కదరా."

"ఈదమని కాదు బావా, కీబోర్డు వాయించమని. ఒకటో తారీఖున ఎక్కాలి."

"పన్నెండున మనకు ప్రోగ్రాం ఉందిగా."

"అందుకే ముందుగా చెబుతున్నా. ఆ ముక్కయినా మానెయ్, లేదా నా చోట్లో వచ్చే అమ్మాయికి విషయం చెప్పి వాయించుకో. ఎన్నాళ్లిలా? నాకే సిగ్గుగా ఉంది, నీకు లేదేమో గాని."

ఉంది. ఆ మాట వాడితో అనలేదు. కొత్తగా వచ్చే అమ్మాయికి చెబితే వారం తిరక్కుండా ఊరంతా తెలిసిపోతుంది. మానేద్దామంటే, పన్నెండున ఒక ఫ్యాక్టరీ పాతికేళ్ల సభ. వాళ్ల మేనేజరు ఫోన్ చేసి మరీ, "మెరుపు ముక్క తప్పనిసరిగా ఉండాలి మాస్టారూ" అన్నాడు. అంటే ఇరవై రోజుల్లో ఆ ఇరవై సెకన్లూ నేనే వాయించాలి. లేకపోతే ఎనిమిదేళ్ల అబద్ధం ఐదొందల మంది ముందు బయటపడుతుంది.

కూర్చున్నాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు సాధన. వేడినీళ్ల కాపడం పెట్టాను. మా ఆవిడ చేత నూనె రాయించుకున్నాను. తీగలు మార్చాను. పిక్ మందంది వాడాను, పల్చటిది వాడాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కుర్చీ ఎత్తు సరిగా లేదని కుర్చీ కూడా మార్చాను. చెయ్యి అలాగే బిగుస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అటూ ఇటూ వంచి చూసి, "చెయ్యి బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

"మరి బిగుసుకుపోతుందేమండీ?"

"మీరు బిగిస్తున్నారు కాబట్టి."

ఆయనకు నమస్కారం పెట్టి బయటికొచ్చి, మెట్ల మీద తిట్టుకున్నాను. ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం స్టేజీ కోటు తొడుక్కుని చూస్తే బొత్తాలు పట్టలేదు. "పొట్ట పెరిగినంత వేగంగా చెయ్యి కదిలితే ఇంత బాధ ఉండేది కాదు" అంది మా ఆవిడ. "టైలరమ్మ దగ్గరికి తీసుకెళ్లండి, ఒక్కరోజులో వదులు చేసిస్తుంది."

టైలరమ్మ పేరెత్తగానే నా మొహం ముడుచుకుంది. ఆవిడ మా ఆర్కెస్ట్రా బట్టలన్నీ కుడుతుంది. ప్రోగ్రాం ఉన్నప్పుడు సూదీ దారం పట్టుకుని స్టేజీ పక్కనే నిలబడుతుంది, ఎవరి బొత్తాం ఊడినా అప్పటికప్పుడు కుట్టడానికి. నాలుగేళ్ల కిందట నా క్లాసులో చేరింది. అప్పటికే ముప్పై ఆరేళ్లు. పదేళ్ల పిల్లల మధ్య చాప మీద కూర్చుని బుద్ధిగా నేర్చుకునేది. ఒకటే చిక్కు, ఆవిడ చెయ్యి కొన్ని ముక్కల్లో పైకి మొదలుపెట్టేది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒకరోజు పిల్లలందరి ముందూ ఆవిడ చేతిలోంచి గిటారు తీసేసుకుని, "మిషన్ తొక్కే కాళ్లకూ చేతులకూ తేడా తెలియడం లేదు మీకు. చెప్పిన మాట వినని చేతికి సంగీతం రాదు, రేపట్నుంచి రాకండి" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆవిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా నా కోట్లు కుడుతూనే ఉంది. కొలతలు మాత్రం మా ఆవిడ చేతే పంపించేవాణ్ణి.

ఈసారి మా ఆవిడ నన్నే పొమ్మంది. వెళ్లాను. షాపులో ఎవరూ లేరు. బల్ల మీద సగం కత్తిరించిన గుడ్డ, ఇస్త్రీపెట్టె ఉన్నాయి. వెనక గదిలోంచి గిటారు వినబడుతోంది. మెల్లగా, ప్లగ్గు లేకుండా, ఎవరూ వినకూడదన్నట్టు వాయిస్తున్నారు. ఏ ముక్కో తెలియడానికి నాకు రెండు సెకన్లు పట్టలేదు. అది నా ముక్కే. వడగళ్లు. ఒక్క స్వరం తప్పలేదు.

తెర పక్కకు జరిపాను. టైలరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే గిటారు గబుక్కున వెనక్కి పెట్టేసింది. తేలు కుట్టిన దొంగలా ఉండాల్సినవాణ్ణి నేను, కంగారు పడింది ఆవిడ.

"క్షమించండి మాస్టారూ. ఊరికే, పని లేదని..."

"మళ్లీ వాయించండి."

"వద్దులెండి."

"వాయించమ్మా. నేనేమీ అనను."

వాయించింది. ఈసారి చెవులు కట్టిపెట్టి ఆవిడ చెయ్యి చూశాను. మణికట్టు వదులుగా ఉంది. మొదటి స్ట్రోక్ పైకి. మొదటి తీగ మీద మూడు స్వరాలున్నాయి. పైకి, కిందికి, పైకి. మూడోది పైకి పోయేసరికి పిక్ తీగల బయట తేలి ఉంది, పక్క తీగ మీదికి హాయిగా దాటింది. ఆ తర్వాత తీగకు నాలుగేసి స్వరాలు, ప్రతిచోటా ఆఖరిది పైకే పడుతోంది. నా నియమం ప్రకారం కిందికి మొదలుపెడితే మూడోది కిందికి పోయి, పిక్ రెండు తీగల సందులో దిగబడుతుంది. అక్కడి నుంచి ప్రతి తీగ దగ్గరా అదే గొడవ. దాన్ని పైకి లాగడానికే నా మోచెయ్యి బిగుస్తోంది. ముప్పై ఏళ్లుగా గోతిలో కాలు పెట్టి పరుగెత్తుతున్నాను, ఇంకా కాళ్లదే తప్పంటున్నాను.

"ఇలా ఎవరు నేర్పారు మీకు?" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మీరే కదా మాస్టారూ."

"నేనా?"

"స్టేజీ పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశానో. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి మీ చెయ్యి మారిపోతుంది. పైకి మొదలుపెడతారు, చెయ్యి దూదిలా ఉంటుంది. మిగతా పాటల్లో అలా ఉండదు. అది చూసే నాకు నేర్చుకోవాలనిపించి మీ క్లాసుకొచ్చాను."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తీగలకు గట్టిగా తగలాల్సిన పని లేనప్పుడు, తప్పు పోతుందన్న భయం లేనప్పుడు, నా చెయ్యి తనంతట తనే సరిగ్గా కదిలిందన్నమాట. నేను నటిస్తూ కళ్లు మూసుకున్నాను, అందుకే చూడలేదు. ఈవిడ కళ్లు తెరిచి చూసింది.

"అప్పుడు మీకెందుకు కోపమొచ్చిందో తర్వాత అర్థమైందిలెండి" అంది టైలరమ్మ, నా కోటు అందుకుంటూ. "ఏ విద్యకైనా ఒక గుట్టు ఉంటుంది. మీరు దాచుకున్నదాన్ని నేను తెలివితక్కువగా పిల్లల ముందు పెట్టేశాను. నాదే తప్పు."

ఇక్కడ నేను చెయ్యాల్సిన పని ఒక్కటే ఉంది. చెయ్యలేదు. "అవునమ్మా, గుట్టే" అన్నాను. పైగా, "పోనీలే, జరిగిందేదో జరిగింది" అని పెద్దమనిషిలా తలూపాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. నాలుగేళ్ల తర్వాత మాస్టారు క్షమించారని ఆవిడ సంబరం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు చచ్చిపోతుంది.

ఇంటికొచ్చి తలుపేసుకుని మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులూ నత్తలా. ఒక్క తీగ మీద మూడు, పక్క తీగకు దాటడం, అంతే. చెయ్యి పాత అలవాటుకు కిందికి పోతుంటే ఆపి మళ్లీ పైకి. మూడో రోజు ఆ రెండు తీగల మధ్యా పిక్ ఇరుక్కోలేదు. ఐదో రోజు సగం వేగంతో ముక్క మొత్తం వచ్చింది. ఏడో రోజు వేగం పెంచాను, మోచెయ్యి బిగుస్తుందేమోనని పళ్లు బిగించుకుని ఎదురు చూశాను. బిగుసుకోలేదు. కాసేపు చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి విని, "ఎవరు చెప్పారు కిటుకు?" అంది.

"ఎవరు చెబుతారు? నేనే కనుక్కున్నా" అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

పన్నెండో తారీఖు మధ్యాహ్నం మూడింటికి ఫ్యాక్టరీ షెడ్డులో ప్రోగ్రాం. ఆఖరి పాట వచ్చింది. వాద్యాలు ఆగాయి. వాల్యూము పూర్తిగా తిప్పి నాలుగడుగులు ముందుకొచ్చాను. కళ్లు మూసుకోలేదు. వాయించాను. మధ్యలో ఒకచోట రెండు స్వరాలు కలిసిపోయాయి, చివర కాస్త తొందరపడ్డాను. మిగతాదంతా నా చెయ్యే, నా తీగలే. ఈలలు వేశారు, ఎప్పుడూ వేసినన్నే. ఎనిమిదేళ్ల తర్వాత నిజంగా సంపాదించుకున్న ఈలలు, పాతవాటి లాగే వినబడ్డాయి.

పక్కకు వచ్చి బల్ల మీద కూర్చున్నాను. టైలరమ్మ నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చింది. నా మొహంలోకి చూస్తూ మెల్లగా అడిగింది.

"ఒంట్లో బాగాలేదా మాస్టారూ? ఇవాళ కొంచెం తడబడ్డారు. ఎప్పుడూ అలా జరగదు."

ఒంట్లో బాగాలేదంటే సరిపోయేది. జ్వరమంటే నమ్మేది, ఇంటికి వెళ్లి పడుకోమనేది. మూడో అబద్ధం నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆ చూపు ముందు అది బయటికి రాలేదు. నా కోసం నిజంగా కంగారు పడుతున్న చూపు అది.

"ఇదివరకు వాయించింది నేను కాదమ్మా" అన్నాను. "ఎనిమిదేళ్లుగా మా బావమరిది కీబోర్డు మీద వాయించాడు. నేను చెయ్యి ఆడించాను, అంతే. ఇవాళ వాయించింది నేను. అదీ మీ దగ్గర చూసి నేర్చుకున్నాను."

నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

"అయితే గుట్టేమీ లేదా?"

"లేదు."

"మరి నన్నెందుకు పంపేశారు మాస్టారూ?"

కోపంగా అడిగితే బాగుండేది. తెలుసుకుందామన్నట్టు అడిగింది. నియమం అని చెబుదామనుకున్నాను, గురువుగారు అలా చెప్పారని చెబుదామనుకున్నాను. అవి కూడా సాకులే. ఆ రోజు క్లాసులో ఆవిడ చెయ్యి తీగలు తేలిగ్గా దాటడం నేను చూశాను. ఎలా దాటిందో చూడలేదు. దాటిందని మాత్రం చూశాను, కడుపు మండింది.

"మీకు వస్తోందని" అన్నాను. "నాకు రావడం లేదని."

టైలరమ్మ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది.

"మీ గుట్టు బయటపడకూడదని నేను నాలుగేళ్లుగా ఎవరి ముందూ వాయించలేదు" అంది. "మా పిల్లల ముందు కూడా."

ఆ మాట అని, మా గాయకుడి చొక్కా బొత్తాం ఊడిందని ఎవరో పిలిస్తే అటు వెళ్లింది.