ఉల్టా మర

మూడేళ్ల తర్వాత సుధీర్ నా అంగడికి వచ్చాడు. నా భార్య లక్ష్మీకాంతమ్మకు తమ్ముడు. జమ్మలమడుగు బస్టాండు వెనక నాది సైకిల్ రిపేరు అంగడి. ఆటోలోంచి ఒక సైకిలు దించుకొని నిలబడ్డాడు. కూర్చోమని నేను అనలేదు.

అది కొండల్లో తొక్కే కరెంటు సైకిలు. లావు టైర్లు, పెడళ్ల దగ్గరే మోటారు. గండికోట చూడవచ్చే వాళ్లకు ఒక హోటలాయన అట్లాంటివి మూడు బాడుగకు ఇస్తాడు. వాటిని చూసుకునే పని సుధీర్‌ది. చైను సాగినా మార్చకుండా తిప్పి, ముందర ఉండే పళ్ల చక్రాన్ని అరగ్గొట్టాడు. పళ్లు కొడవలి మొనల మాదిరి వంగినాయి. తొక్కితే చైను జారుతుంది.

కొత్త చక్రం కొరియర్లో వచ్చింది. పాతది ఊడదీసే పానా రాలేదు. ప్రొద్దుటూరులో అడిగాడంట, పులివెందులలో అడిగాడంట. బెంగళూరు పంపాలన్నారంట. శనివారం పొద్దునకు బండి తిరగకపోతే పని ఇంకొకడికి ఇస్తానని హోటలాయన చెప్పేశాడంట. ఆ దినం గురువారం.

"నీ చేత కాకుంటే ఇంగెవురి చేతా కాదు బావా," అన్నాడు.

"పని చేయించుకోను వచ్చినావా, పొగడను వచ్చినావా?"

తల దించుకున్నాడు. చిన్నప్పటి నుంచీ అదే వాటం.

మూడేళ్ల కింద ఒక పొద్దున లక్ష్మీకాంతమ్మకు ఎదలో నొప్పి వచ్చింది. అప్పుడు సుధీర్ బాడుగ కారు తోలేవాడు. ఫోన్ చేశాను. కారు స్టార్ట్ కాలేదు బావా అన్నాడు. అంబులెన్సు వచ్చేసరికి ముప్పావు గంట. ప్రొద్దుటూరు కనపడకముందే ఆమె పోయింది. పెద్ద దినం నాడు సుధీర్ ఒక మెకానిక్ దగ్గర చీటీ రాయించుకొని వచ్చాడు, కారు నిజంగానే చెడిందని. అందరి ముందరా దాన్ని చింపేశాను. అక్కను చంపింది నువ్వేనన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

పని మాత్రం కాదనలేదు. నా అంగడికి వచ్చిన బండి రిపేరు కాకుండా పోలేదు. అది నా మర్యాద, అతని మీద దయ కాదు.

సైకిలు వదిలిపెట్టి పొమ్మన్నాను. పెడలు తగిలించే క్రాంకు విప్పి చూస్తే, పళ్ల చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప రింగు కనపడింది. చుట్టూ ఎనిమిది గాళ్లు, పానా పళ్లు కూర్చునేందుకు. మామూలు పానా పట్టదు. చేతకానివాడైతే ఉలి పెట్టి సుత్తితో కొడతాడు. నేను కొట్టను.

రింగు ముఖం మీద దసరాకు పెట్టిన గంధం, పసుపు ముద్ద ఎండి రాయైంది. దాని మీద పక్కపక్కనే మూడు కుంకుమ చుక్కలు.

ఆ చుక్కలు నాకు తెలుసు. ఆయుధ పూజకు లక్ష్మీకాంతమ్మ అట్లనే పెట్టేది. ముద్ద ఆరకముందే ఉంగరం వేలితో మూడుసార్లు అద్దేది. వాళ్లమ్మ దగ్గర అక్కా తమ్ముడూ ఇద్దరూ నేర్చుకున్న పద్ధతి. ఆమె పోయినాక నా అంగడిలో పూజ లేదు. కడసారి ఆమె పెట్టిన చుక్కలు బల్లకు బిగించిన వైస్ మీద ఇంకా ఉన్నాయి, గ్రీజు పట్టి నల్లగా. ఆ మేర నేను తుడవను.

రింగు మీదివి కూడా తుడవలేదు. గాళ్లలో పేరుకున్నది మాత్రం సూదితో గీకాను.

కాగితం పెట్టి గాళ్ల అచ్చు తీసుకున్నాను. బోరు పైపు ముక్క జానెడు కోసి, ఆకురాయితో ఎనిమిది పళ్లు రాకాను. పొద్దుగూకింది. శుక్రవారం మొదటి బస్సుకు ప్రొద్దుటూరు పోయి, పైపు రెండో కొసకు పెద్ద నట్టు వెల్డింగు చేయమని నబీ రసూల్‌కు ఇచ్చాను. నలభై ఏళ్ల స్నేహం.

"ఏంది మామా ఇది, దయ్యం కట్టుడుపళ్లా?" అన్నాడు. ఎవరి బండికో చెప్పాను. వెల్డింగు అద్దం పైకెత్తి నా ముఖం చూశాడు.

"మాటలు కలిసినాయా?"

"పని కలిసింది."

మధ్యాహ్నానికి అంగడి చేరాను. సుధీర్ అప్పటికే వచ్చి కాచుకోనుండాడు. పక్కన ఉంటే నా చేయి ఆడదు. టీ తాగి రమ్మని బస్టాండు కాడికి తరిమాను.

నేను చేసిన పానా గాళ్లలో అచ్చంగా కూర్చుంది. సైకిల్లో ఎడమ పెడలుకు ఉల్టా మర ఉంటుంది, కుడికి తిప్పితేనే ఊడేది. ఈ రింగు కుడి పక్కది. సవ్య మరేనని ఎడమకు తిప్పాను. కదల్లేదు. పట్టు పెరగాలని నట్టుకు వేసిన పానా కాడకు నాలుగడుగుల పైపు తొడిగి మీద బరువేశాను. కదిలింది. సంతోషమే అయ్యింది.

రెండో తిప్పుకు పానా వదులుగా తిరిగింది. మర తెగింది.

కిరసనాయిలు గుడ్డతో అప్పుడు తుడిచాను. గంధం కింద రింగు మీద బాణం చెక్కి ఉంది. విప్పాలంటే కుడికి. ఉల్టా మర. నేను విప్పడం లేదు, ఇంకా బిగిస్తున్నాను. మోటారు ఇరుసు మీది మర కూడా పోయింది. ఇంక కొత్త మోటారే గతి.

సుధీర్ నాకూ ఒక గ్లాసు టీ పట్టుకొని వచ్చాడు. వదులుగా తిరుగుతున్న రింగును చూశాడు.

"ఏమైంది బావా?"

గుడ్డ నా చేతిలోనే ఉంది, ఎర్రగా.

"మర ముందే పోయింది. నేను ముట్టకముందే."

చీటీ అడగలేదు. ఇంకొకరికి చూపిస్తాననలేదు.

"నువ్వు చెప్తే అంతేలే బావా," అన్నాడు.

టీ గ్లాసు వైస్ పక్కన పెట్టి, ఆటో పిలిచి, సైకిలు ఎక్కించుకొని పోయాడు.

పని పోయింది. ఇప్పుడు మైలవరం దగ్గర ట్రాక్టరు తోలుతున్నాడని నబీ రసూల్ చెప్పాడు. కొత్త పళ్ల చక్రం నా అంగడిలోనే మరిచిపోయాడు. మేకుకు తగిలించాను. ఈ ఊళ్లో ఏ సైకిలుకూ అది పట్టదు. బాణం సంగతి అతనికి చెప్పలేదు, చెప్పను కూడా.

ఆ పొద్దున కారు స్టార్ట్ కాలేదంటే మాత్రం నేను ఇప్పటికీ నమ్మను.