చెన్నై విమానం నీడ

పొద్దున కొళాయి దగ్గర బిందె పెట్టే ముందు మార్తా ఒకసారి ఆకాశం వైపు చూసేది. చెన్నై విమానం తోక ఇంకా రాలేదంటే బట్టలు ఉతికి ఆరేసుకోవడానికి టైమున్నట్టు. వచ్చిందంటే వీధిలో ఎండ పోయినట్టే. మారికుప్పం గని కార్మికుల లైన్లలో అందరిదీ అదే అలవాటు. అప్పడాలు ఆరబెట్టేవాళ్ళు విమానం పోయినాకే చాపలు పరిచేవాళ్ళు.

దూరదేశాలకని కొన్న రెండంతస్తుల విమానాన్ని కంపెనీవాళ్ళు ఏడాదిగా బెంగళూరు నుంచి చెన్నైకి తిప్పుతున్నారు. ఎక్కే జనం ఎక్కువ, చెన్నైలో విమానాలు దిగడానికి దొరికే టైము తక్కువ. చిన్నవి నాలుగు నడిపే బదులు పెద్దది ఒకటి నడిపితే చాలని వాళ్ళ ఆలోచన. నేల మీద ఉన్నంతసేపు అది మామూలు పొడవే. పైకి లేచాక మాత్రం, దూరాలకు అలవాటుపడిన ఒళ్ళు కాబట్టి, సాగేది. ముక్కు చెన్నై సముద్రాన్ని చూసేసరికి తోక ఇంకా ఇక్కడ కేజీఎఫ్ గనుల మీదే ఉండేది. దిగే ముందు ముక్కు ఆ తోకను లాక్కునేది. వెనక సీట్లవాళ్ళు ప్రయాణమంతా గనుల దిబ్బల్ని చూస్తూ కూర్చుని, చివర్లో ఒక్క ఊపుతో చెన్నైలో తేలేవాళ్ళు. అందుకే వాళ్ళకు వేడి కాఫీ ఇచ్చేవాళ్ళు కాదు.

మార్తా కోడలు సోనియా ఆ విమానంలోనే ఎయిర్‌హోస్టెస్. డ్యూటీ తోకలో. వారమంతా బెంగళూరులో హాస్టల్లో ఉండి, సెలవురోజు ఇంటికి వచ్చేది. ఆమె భర్త నెల్సన్ దగ్గర్లోని నరసాపురంలో మోటారుబండ్ల ఫ్యాక్టరీకి కంపెనీ బస్సులో పోయి వచ్చేవాడు. అయిదేళ్ళ కూతురు రోజీ నానమ్మ దగ్గర ఉండేది.

రోజూ తోక ఇంటి మీదికి రాగానే సోనియా వెనక తలుపు అద్దంలోంచి కిందికి చూసేది. వీధిలో రోజీ చేతులూపుతూ కనిపించేది. రిబ్బన్ రంగు కూడా తెలిసేంత దగ్గర. సాయంత్రం ఫోన్లో రోజీ మొదట అడిగేది అదే.

"మమ్మీ, నేను కనపడినానా?"

"నీడలో నిలబడినావు గదా బంగారూ, బాగా కనపడినావు."

అప్పట్నుంచి రోజీ నీడలోనే నిలబడేది. తోక కదిలితే నీడ వెంట పరిగెత్తేది. వీధి చివర మార్తా గౌను పట్టుకుని ఆపేది. ఇదంతా పైనుంచి చూసే సోనియాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆ పరుగు చూసిన రోజు సాయంత్రం ఫోన్లో అత్తకు చెప్పేది.

"అత్తా, పాప చెయ్యి వదలద్దు."

"నేనేం వదిలేసి కూచుంటానా సోనియా? ఆ బిడ్డకి కాళ్ళల్లో చక్రాలు ఉండాయి."

ఆషాఢం గాలి మొదలైంది. బంగారం తీసి పారబోసిన సైనైడు దిబ్బల మీది తెల్లటి దుమ్ము లేచి ఇళ్ళల్లో అన్నం గిన్నెల దాకా వచ్చేది. ఒక పొద్దున సోనియా అద్దంలోంచి చూసేసరికి కింద ఇల్లు లేదు. దక్షిణం గాలికి తోక పక్కకు జరిగి, ఉత్తరాన ఉన్న దిబ్బ మీదికి పోయింది. వీధి దూరంగా సన్నగా కనిపిస్తోంది. కొళాయి దగ్గర ఆడవాళ్ళ మధ్య మార్తా చుట్టూ తిరిగి వెతుకుతోంది.

రోజీ దిబ్బ మీద ఉంది. ఎర్ర గౌను. నీడ అంచు అందుకోవాలని పడుతూ లేస్తూ పోతోంది.

దిబ్బ వెనక పాత షాఫ్టు, గనిలోకి దిగే నిలువు గొయ్యి. గని మూసేసినాక చుట్టూ కట్టిన గోడ కిందటి వానలకు ఒక పక్క కూలింది. ఆ సందులో తుమ్మచెట్లు మొలిచి, లోతు కనపడకుండా కప్పేశాయి. లైన్లలో పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు విమానం నీడ సగం ఆ తుమ్మల మీదే పడి ఉంది.

సోనియా అద్దాన్ని రెండు చేతులతో బాదింది. ఎవరికి వినపడుతుంది? అదే సమయంలో బెల్టులు పెట్టుకోమనే లైటు వెలిగింది. ముక్కు దిగబోతోంది. దిగితే తోకను తూర్పుకి లాగుతుంది. నేరుగా షాఫ్టు మీదుగా.

ఆమె ఇంటర్‌కామ్ తీసింది. తొందరలో మొదటిసారి వేరే బటన్ నొక్కింది.

"సార్, తోకలోంచి సోనియా. దిగద్దండి సార్."

కెప్టెన్ ఆనంద్ కూడా ఈ పక్కే, ముళబాగిలు మనిషి. "ఏమైంది? పొగా?"

"లేదు సార్. నా బిడ్డ కింద షాఫ్టు పక్కన ఉండాది. తోక కదిలితే నీడ వెంట పరిగెత్తుతుంది."



"సోనియా, నాకు రన్‌వే కనపడతా ఉండాది. వెనక వేరే విమానాలు కాచుకొని ఉండాయి. చిన్న రూటని ఫ్యూయెల్ కూడా కొంచెమే పోసినారు."

"తెలుసు సార్."

"...యాడికి తిప్పల్ల?"

"ముక్కు ఎడమకి తిప్పండి సార్. తోక దక్షిణానికి, మా ఇంటి వైపు రావల్ల. మెల్లగా సార్. అది చిన్నపిల్ల."

ఇంజన్లు గట్టిగా మోగాయి. ముందు సీట్లలో గుసగుసలు మొదలయ్యాయి. విమానం మళ్ళీ పైకి లేస్తుంటే తోక ఒక్కసారి తూర్పుకి గుంజుకుంది. నీడ జారి పూర్తిగా తుమ్మల మీద పడింది. రోజీ అటే పరిగెత్తింది.

సోనియా ఒక చేత్తో మళ్ళీ అద్దాన్ని బాదింది.

తుమ్మల దగ్గర రోజీ ఆగింది. చెప్పు ముళ్ళకి తగులుకుంది. కూర్చుని దాన్ని లాగడం మొదలుపెట్టింది. ఆ కాసేపట్లో నీడ ఆమె మీదుగా వెనక్కి తిరిగి దిబ్బ ఎక్కింది. రోజీ ఎండలో మిగిలిపోయి తల ఎత్తింది. ఒకసారి తుమ్మల వైపు చూసింది, ఒకసారి పోతున్న నీడ వైపు. చెప్పు చేతిలో పట్టుకుని, ఒంటికాలి చెప్పుతో కుంటుతూ నీడ వెంట నడిచింది.

తలుపు పక్క కిటికీ సీట్లో సుగటూరు రైతు చిన్నవెంకటప్ప ఉన్నాడు. కంటి ఆపరేషన్‌కి చెన్నై పోతున్నాడు. బాగున్న ఒక్క కంటినీ అద్దానికి ఆనించి అంతా చూస్తున్నాడు.

"అమ్మా, బిడ్డ వెనకబడింది. బిరీన పోతా ఉండాది విమానం. ఆపమను."

"సార్, ఆపండి."

"విమానం ఆగదమ్మా!" అన్నాడు ఆనంద్.

"అయితే ఇంగా మెల్లగా సార్."

నీడ మెల్లబడింది. దిబ్బ దిగే చోట రోజీ జారి కూర్చుండిపోయింది, లేచింది, గౌను దులుపుకుంది. దులుపుకోవడానికి ఎంతసేపు పట్టిందో సోనియాకు తెలుసు, ఆనంద్‌కు ఇంకా బాగా తెలుసు.

"ఫ్యూయెల్ లైటు వెలిగింది సోనియా. ఇంగ నేను తిరగలేను. యాడుంది బిడ్డ?"

"వీధి మొదట్లో ఉండాది సార్. కొళాయి కనపడతా ఉండాది. ఇంకొక్క రవ్వ సార్."

కొళాయి దగ్గర ఎండ చల్లారింది. నీడ ఈ రోజు అటునుంచి వస్తోందేమిటని మార్తా తిరిగి చూసింది. నీడలో మనవరాలు. బిందె వదిలేసి, మోకాళ్ళ నొప్పి మరిచి పరిగెత్తి, రెండు చేతులతో వాటేసుకుంది.

సోనియా అద్దంలోంచి ఆ ఇద్దర్నే చూస్తోంది.  చిన్నవెంకటప్ప ఆమె చేతిలోంచి ఇంటర్‌కామ్ తీసుకున్నాడు.

"దొరికింది. ఇంగ దించప్పా."

"ఎవరు మాట్లాడేది?"

"కిటికీ సీటు."

దిగినాక కంపెనీ ఆఫీసులో ఇద్దర్నీ కూర్చోబెట్టి చాలాసేపు అడిగారు. తోకలో గాలి ఎక్కువగా ఉండిందని ఆనంద్ అన్నాడు, బిడ్డ సంగతి చెప్పలేదు. ఆ మాట కాదనేవాళ్ళు లేరు. సోనియా మాత్రం తనను తోకలోంచి తీసేయమంది. విమానంలో వేరే చోట ఖాళీ లేదన్నారు. అయితే నేల మీద ఏదైనా పని చూడమంది. చూస్తామన్నారు, చూస్తారో లేదో తెలియదు. ఆమె రైలెక్కి బంగారుపేటలో దిగి, పొద్దు వాలేసరికి ఇల్లు చేరింది.

నెల్సన్ లేడు. షిఫ్టు మధ్యలోనే వచ్చేసి, లైన్లలో మగవాళ్ళను పిలుచుకుని షాఫ్టు చుట్టూ ముళ్ళకంచె వేయడానికి పోయాడు. మార్తా గడపలో కూర్చుని ఉంది. కోడలిని చూడగానే లేవబోయి లేవలేకపోయింది.

"బిందె నిండేలోపల పోయింది సోనియా. నా చెయ్యిలోంచే పోయింది."

"నీడలో నిలబడమని చెప్పింది నేను గదా అత్తా."

రోజీ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. అరికాలు వాచింది. సోనియా పక్కన కూర్చుని, పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, పిన్నీసుతో ముల్లు తీయడం మొదలుపెట్టింది. రోజీ ఏడవలేదు. తల్లి ముఖంలోకే చూస్తోంది, కోపంగా.

"మమ్మీ, నువ్వు దారి తప్పినావు."

"ఏం బంగారూ?"

"మనిల్లు ఈడుంటే నువ్వు దిబ్బ మీదికి పోయినావు. నేను వచ్చి నిన్ను ఇంటికి పిల్చుకొచ్చినాను. చెప్పు కూడా పీక్కుపోయింది."

మార్తా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవును," అంది సోనియా. "తప్పినాను."

"రేపు కూడా తప్పితే?"

"రేపు నేను పోను."

 రోజీ రెండో కాలు కూడా తల్లి ఒళ్ళో పెట్టింది. అందులో ముల్లేమీ లేదు. అయినా సోనియా పిన్నీసు పక్కన పెట్టి, దాంట్లో కూడా చాలాసేపు వెతికింది.